ఎన్ని రంగులేసినా నేనే

నేను ఒక విమానాన్ని. పెద్దదాన్ని కాదు. డెబ్బై మంది పడతారు. రెక్కలకు చెరో పంఖా. పెద్ద విమానాశ్రయాల్లో నన్ను ఓ మూలకు నెట్టి, నా దగ్గరికి జనాన్ని బస్సులో తోలతారు. నాకేం చిన్నతనం లేదు. మెట్ట ఎద్దు పల్లంలో దిగబడుతుంది, పల్లపు దున్నపోతు మెట్టెక్కితే రొప్పుతుంది. ఎవరి నేల వాళ్ళది.

నేను పుట్టింది ఒక చలిదేశంలో, ఊరంత షెడ్డులో. రేకు మీద రేకు పేర్చి, రివెట్లు కొట్టి నన్ను నిలబెట్టారు. కొన్నది ఒక లీజు కంపెనీ. వచ్చారు, సంతకాలు పెట్టారు, నా ముందు నిలబడి ఫోటో దిగారు, వెళ్ళిపోయారు. ఆ కంపెనీ మనిషి ఒక్కడు కూడా ఇంతవరకు నా సీట్లో కూర్చోలేదు. నా మీద హక్కున్నవాళ్ళు నన్ను ఎక్కలేదు, నన్ను ఎక్కినవాళ్ళకు నా మీద హక్కు లేదు. మనుషుల లోకం తీరు నాకు అక్కడే సగం అర్థమైంది.

మొదట ఒక దీవుల దేశానికి అద్దెకిచ్చారు. తోకకు నీలం రంగేసి చేప బొమ్మ గీశారు. ఐదేళ్ళు ఉప్పుగాలి పీల్చాను. గడువు తీరింది. రంగు తీసేశారు.

రంగు తీయడమంటే తేలికనుకోకండి. ఒళ్ళంతా మందు పూస్తారు. పాత రంగు చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడి లేస్తుంది. గొట్టాలతో కొట్టి కడుగుతారు. మందు పట్టని చోట గరుకు కాగితం పెట్టి రుద్దుతారు. రెండు వారాలు బోసిగా నిలబడాలి. తరువాత కొత్త రంగేసి, తోక మీద కొత్త అక్షరాలు రాసి, కొబ్బరికాయ కొట్టి, 'కొత్త విమానం వచ్చింది' అని పత్రికల్లో వేయిస్తారు. అప్పటికి నేను లోకంలో కాగని ఎండ లేదు, తడవని వాన లేదు. నన్ను ఎవరైనా అడిగారా? అడిగితే చెప్పేదాన్ని.

అలా తెల్లరంగు మీద పచ్చగీతలతో మన దేశం వచ్చాను. రోజూ పొద్దున్న పదింటికి గోదావరి దాటి, మెట్ట మీదున్న ఒక చిన్న విమానాశ్రయంలో దిగేదాన్ని. పరుగు పూర్తయ్యాక రన్‌వే చివరిదాకా పోయి వెనక్కి తిరగాలి. తిరిగేటప్పుడు నా రెక్క కొసకు ఇరవై అడుగుల దూరంలో ఇనుప కంచె. కంచె అవతల పుంత రోడ్డు. రోడ్డు పక్క గడ్డిలో రెండు ఆవులను వదిలి, చేతికర్ర మీద గడ్డం ఆనించి ఒక మనిషి నిలబడి ఉండేవాడు.

ఆయన పేరు అబ్బులు. నలభై ఏళ్ళు పశువుల సంతలో బేరగాడు. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి మాట కుదిర్చే మనిషి. ట్రాక్టర్లు వచ్చి సంత పలచబడ్డాక ఆయనకు పని తగ్గింది, కన్ను మాత్రం తగ్గలేదు. చేతిలో కాగితం పెడితే అక్షరం ఆనదు. అల్లంత దూరాన గట్టెక్కే ఆవు ఎన్నో ఈత ఆవో చెబుతాడు.

నన్ను చూడటానికి చాలామంది వచ్చేవాళ్ళు. అందరూ ముందు తోక మీద బొమ్మ చూస్తారు, తరువాత కిటికీలు చూస్తారు, చెయ్యి ఊపుతారు. అబ్బులు చెయ్యి ఊపలేదు. ముందు కాళ్ళు చూశాడు. ఏ కాలు ముందు నేలకు ఆనుతోంది, ఏ కాలు మీద బరువు పడుతోంది. తరువాత డొక్కలు. తరువాత ముక్కు. రెండేళ్ళు రోజూ అలాగే చూశాడు. అలా చూస్తుంటే, నిజం చెబుతున్నాను, నాకు ఒళ్ళు సర్దుకుని నిలబడాలనిపించేది.

ఆ రోజుల్లోనే ఒకనాడు సామాను బండి వెనక్కి వస్తూ నా ఎడమ డొక్కను గీరింది. వెనక తలుపు దాటాక, అరచెయ్యంత చోట రేకు చిరిగింది. కోసేసి కొత్త రేకు అతికి రివెట్లు కొట్టారు. వెనక నుంచి రెండో రివెట్టు చోట బెజ్జం పెద్దదైపోతే కాస్త బొద్దు రివెట్టు పెట్టారు. రంగు వేయడానికి తీరిక లేక నెలరోజులు ఆ అతుకు వెండిబిళ్ళలా మెరిసింది. పొద్దుటి ఎండ ఎడమ పక్కనే పడుతుంది. అబ్బులు నెలరోజులూ చూశాడు. అంతకుముందు గద్ద తగిలి నా ముక్కు కింద పడ్డ సొట్టనూ చూశాడు.

శివరాత్రి వెళ్ళాక పచ్చగీతల కంపెనీ గడువు తీరింది. నన్ను తీసుకుపోయి మళ్ళీ మందు పూశారు. ఈసారి ముక్కు నుంచి తోక దాకా ముదురెరుపు. అక్షరాలు మారాయి. సీట్లకు కొత్త తొడుగులు. కొత్త కంపెనీ. మళ్ళీ కొబ్బరికాయ. ఆషాఢంలో మళ్ళీ అదే గోదావరి దాటి, అదే రన్‌వే చివర తిరిగాను. కంచె అవతల అబ్బులు కర్ర మీద నుంచి గడ్డం తీసి నిటారుగా నిలబడ్డాడు.

మర్నాడు ఆయన అక్కడ లేడు. గేటు దగ్గర ఉన్నాడు. ఆ సంగతి నాకు నూకరత్నం వల్ల తెలిసింది. నూకరత్నం ఆ ఊరి మనిషి. అరగంటలో నా డెబ్బై సీట్లూ తుడిచి, తిని పారేసినవన్నీ ఏరి, తోటి మనిషితో ఊళ్ళో సంగతులన్నీ చెప్పి దిగిపోతుంది. నేను వింటాను. ఎగిరేటప్పుడు నాకు ఏమీ వినపడదు, నిలబడ్డప్పుడు అన్నీ వినపడతాయి.

"మా అబ్బులు బాబాయ్ గేటు కాడికొచ్చి, లోపల పెద్దాయన్ని పిలు, దొంగతనం జరిగింది అన్నాడంట. ఏం పోయింది తాతా అన్నాడంట సెంట్రీ. విమానం, అన్నాడంట!"

తోటి మనిషి నవ్వలేక సీటు పట్టుకుని కూలబడింది.

"నవ్వకే, ఇను. ఆ పచ్చగీతల తెల్లదాన్ని ఎవడో ఎత్తుకుపోయి, ఎర్రరంగేసి, వీళ్ళకి అమ్మేసాడు బాబూ. పాపం వీళ్ళకి తెలీదేమో, సెప్పి పుణ్యం కట్టుకుందామనొచ్చాను అన్నాడంట. సెంట్రీ ఫోన్ తీసి, ఆ తోక మీద అక్షరాలు సూడు, ఈ తోక మీద అక్షరాలు సూడు, ఇది ఏరే విమానం, ఫోనే సెబుతోంది అన్నాడంట. అక్షరాలు మీరు రాసినియ్యి, ఒళ్ళు దాన్ని పుట్టించినోడు రాసిందీ అన్నాడంట బాబాయ్. కళ్ళాసుపత్రికెళ్ళు తాతా అని తోలేసాడంట."

ఆ పొద్దు నేను ఎగిరినంతసేపూ అదే తలుచుకున్నాను. డెబ్బై మంది ఎక్కి కూర్చుని కొత్త విమానం వాసనొస్తోందని మురిసిపోతున్నారు. అది కొత్త సీటు తొడుగుల వాసన. ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికి తెలియలేదు. ఒక్కడికి తెలిసింది, వాణ్ణి గేటు దగ్గర నుంచే తోలేశారు.

అయితే ఆయన పొరపాటూ ఉంది. నేను దొంగసొత్తును కాను. కాని ఆయన లోకంలో పశువుకు రంగు మారిందంటే, కొమ్ము చెక్కారంటే, చెవి కొత్తగా కుట్టారంటే, దానికి ఒకటే అర్థం. సంతలో అలాంటివి ఎన్నో పట్టాడు. లీజు అనే మాట ఆయన దాకా రాలేదు.

ఊళ్ళో పాలకేంద్రం దగ్గర ఆయనకు 'విమానం అబ్బులు' అని పేరు పెట్టారు. "అబ్బులూ, మా ఇంటి మీది మబ్బు పోయింది, ఎవడెత్తుకెళ్ళాడో కాస్త సూసిపెట్టు" అని ఒకడు. "రేపు గోదారి రంగు మారితే సెప్పు, కేసెట్టేద్దాం" అని ఇంకొకడు. నవ్వితే నవ్వనీ అని అబ్బులు ఊరుకునేవాడే. కాని సరిగ్గా అదే వారం గవరమ్మ పెయ్య గొడవ వచ్చిపడింది.

గవరమ్మ ఒంటరి మనిషి. కర్రపెండలం తవ్వే కూలికి పోతుంది. మూడేళ్ళ కిందట అబ్బులు చేతి మీదుగానే ఒక ఆవుపెయ్యను కొనుక్కుంది. తరువాత కాలు విరిగి మంచాన పడితే, మేపలేక, పక్క ఊరి తాతాజీకి మేపుకిచ్చింది. మేపుకివ్వడమంటే పశువు ఒకరిది, మేత ఒకరిది. ఈనితే మొదటి దూడ మేపినవాడికి, పశువు తిరిగి సొంతదారుకి. కాగితం ఉండదు. మాటే.

గవరమ్మ కాలు బాగుపడి నడవడం మొదలెట్టేసరికి, తాతాజీ కబురు పెట్టాడు. నీ పెయ్య గొంతువాపు వచ్చి చచ్చిపోయింది, పూడ్చేశాను అని. ఆమె ఏడ్చి ఊరుకుంది. వారం తిరక్కుండా అబ్బులు ఆ ఊరు మీదుగా వస్తూ తాతాజీ పాకలో ఒక చూడి పెయ్యను చూశాడు. గవరమ్మ పెయ్యకున్న తెల్లచుక్క దీని నొసటి మీద లేదు. కొమ్ములు పొట్టి. అయినా ఆగిపోయాడు. మూపురం దిగువన కుడిపక్కకు ఒరిగిన జంట సుడి. ఎడమ వెనక గిట్ట కాస్త లోపలికి తిప్పి వేస్తోంది. నేరుగా గవరమ్మ ఇంటికి పోయి, "నీ పెయ్య బతికే ఉంది. కొమ్ములు చెక్కించి, నొసటికి మనుషులు తలకేసుకునే రంగేసాడు" అని చెప్పాడు.

పాలకేంద్రం ముందు పంచాయితీ పెట్టారు. ప్రెసిడెంటు సర్వారాయుడు గారు కుర్చీలో కూర్చున్నారు. తాతాజీ చలాకీ మనిషి. సంతలో కొన్న పెయ్య అన్నాడు. జంట సుడి లక్ష పశువులకుంటుంది అన్నాడు. ఆఖరికి అందరి వైపూ తిరిగి అన్నాడట:

"విమానం దొంగతనమైపోయిందని కంప్లైంటిచ్చినోడండీ ఈయన! ఈయన కళ్ళని నమ్మి నా పశువుని ఒదులుకోమంటారా? ఆయ్, సెప్పండి ప్రెసిడెంటు గారూ!"

జనం ఘొల్లుమన్నారు. సర్వారాయుడు గారికి కూడా నవ్వు ఆగలేదు. గవరమ్మ తలొంచుకుంది. ఆమెకున్న సాక్ష్యం ఒక్కటే, ఆ కళ్ళు. అవి నవ్వులపాలయ్యాయి.

అబ్బులు లేచాడు. ఆయన అంత గట్టిగా మాట్లాడటం ఊళ్ళో ఎవరూ వినలేదంటుంది నూకరత్నం.

"నేను సూసింది తప్పయితే ఈ పొద్దునుంచి పశువు తాడు ముట్టుకోను. ఆ ఎర్ర విమానం ఆ తెల్ల విమానమే. అదని తేలితే ఏంచేత్తావ్?"

"తేలితే పెయ్యని తోలుకుపొమ్మను, పో! ఆకాశం కిందకి దిగొచ్చి సాక్షం సెప్పాలి నీకు!"

"రాసుకోండి ప్రెసిడెంటు గారూ. ఎడంపక్క, ఎనక తలుపు దాటాక, అరసెయ్యంత అతుకు. ఇప్పుడు ఎర్రరంగు కింద ఉంది. పై వరసలో పదకొండు మేకులు. ఎనకనుంచి రెండోది బొద్దు మేకు. ముక్కు కింద, గద్ద తగిలిన కాడ, గిన్నెకి పడ్డట్టు సొట్ట. ఎల్లి సూడండి."

సర్వారాయుడు గారు నవ్వు ఆపి, పాలచీటీ వెనక రాసుకున్నారు.

ఇదంతా నూకరత్నం నా పన్నెండో వరస తుడుస్తూ చెప్పింది. చెప్పి, గుడ్డ బుజాన వేసుకుని, గబగబా దిగి ఇంజనీరు దగ్గరికి పోయింది. ఇంజనీరు పేరు హనోకు. రోజూ నేను దిగగానే నా చుట్టూ ఒకసారి తిరిగి చూసుకునే కుర్రాయన. పద్ధతైన మనిషి. మొదట ఒప్పుకోలేదు.

"కంపెనీ బండి మీద పందేలేంటమ్మా? నా ఉద్యోగం పోద్ది."

"మీరు పందెం కాయక్కర్లేదు బాబూ. రోజూ సూసేదే కదా, ఒక పొద్దు లెక్కెట్టండి. ఓ ఆడమనిషి పశువు పోతంది."

ఆయన గడియారం చూసుకుని, "రేపు చూద్దాం" అని పనిలో పడ్డాడు.

మర్నాడు పదింటికి దిగేసరికి నన్ను ఆపే చోటికి ఎదురుగా, కంచె అవతల ఊరు ఊరంతా ఉంది. ముందు వరసలో సర్వారాయుడు గారు పాలచీటీ పట్టుకుని నిలబడ్డారు. తాతాజీ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. గెలిచి ఊరేగింపుగా పోదామని పెయ్యను కూడా తోలుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టాడు. గవరమ్మ ఒక పక్కగా నిలబడింది. చేతిలో కొత్త పలుపు తాడు. అబ్బులు ఎప్పటిలాగే కర్ర మీద గడ్డం ఆనించాడు.

ఇన్నేళ్ళుగా నేను మోసిన బరువులన్నీ ఒక ఎత్తు, ఆ పొద్దు నా డొక్క మీద పడ్డ చూపుల బరువు ఒక ఎత్తు. పంఖాలు ఆగాయి. జనం దిగారు. హనోకు నా ముక్కు కిందకు వచ్చి వంగి చూశాడు. వేలితో సొట్ట చుట్టూ నిమిరాడు. లేచి, వెనక తలుపు దాటి, నా ఎడమ పక్క నిలబడి అరచేత్తో తడిమాడు. రంగు కింద అతుకు అంచు ఆయన వేళ్ళకు తగిలింది. లెక్కపెట్టాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. వెనక నుంచి రెండో దాని మీద బొటనవేలు ఆపాడు.

తరువాత మెట్లెక్కి లోపలికి వచ్చి ఒక పుస్తకం తీశాడు. నా ఒంటి మీద పడ్డ ప్రతి దెబ్బా అందులో ఉంటుంది, ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎంత పొడుగు. రంగేసేవాళ్ళు ఎంతమంది మారినా ఆ పుస్తకం నాతోనే వస్తుంది. పేజీ తిప్పాడు. ఆగాడు. పుస్తకం మూసి కంచె దగ్గరికి నడిచాడు.

"రాసుకున్నది చదవండి" అన్నాడు. సర్వారాయుడు గారు చదివారు.

"పదకొండే. రెండోది పెద్దదే. సొట్టా ఉంది. ఆ అతుకు వేసింది రెండేళ్ళ కిందట, ఇక్కడే, పచ్చగీతల కంపెనీ నడిపేటప్పుడు. ఇదే విమానమండీ."

అబ్బులు అడిగాడు:

"మరి దీన్ని ఎవడెత్తుకెళ్ళాడు బాబూ?"

"ఎవరూ ఎత్తుకెళ్ళలేదండీ. లీజు బండి. సొంతదారు వేరే దేశంలో ఉంటారు. కొన్నాళ్ళు వాళ్ళకిచ్చారు, ఇప్పుడు మాకిచ్చారు. తీసుకున్నవాళ్ళం మా రంగేసుకుంటాం. గడువు తీరాక తిరిగి ఇచ్చేస్తాం."

అబ్బులు మొహం తేటపడింది.

"మేపుకిచ్చారా! మరి ఆ మాట సెప్పరేం?"

హనోకుకు అర్థం కాలేదు. సర్వారాయుడు గారు రెండు ముక్కల్లో చెప్పారు. "ఆ, అలాంటిదేనండీ" అన్నాడు హనోకు.

"దొంగతనమన్నాను. తప్పు నాదే." అబ్బులు తాతాజీ వైపు తిరిగాడు. "తప్పు నాదే, కన్నూ నాదే. రెండిటినీ కలిపి ఊరేగించకు. తిరిగి ఇచ్చేత్తే మేపు. ఇవ్వకపోతేనే దొంగతనం. వాళ్ళు రంగేసుకున్నా పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకున్నారు. నువ్వు రంగేసి, సచ్చిపోయిందని సెప్పావ్."

తాతాజీ ఇస్త్రీ చొక్కా తడిసింది. అయినా నోరు ఆగలేదు.

"విమానం అదైతే పెయ్య అదే అవ్వాలేంటండీ? ఇదెక్కడి నాయం? విమానానికీ ఆవుకీ సుట్టరికమా?"

"నీ నోటితో నువ్వే కలిపావు కదరా సుట్టరికం" అన్నారు సర్వారాయుడు గారు. జనం మళ్ళీ నవ్వారు. నవ్వు ఈసారి ఇటు తిరిగింది.

గవరమ్మ ఆ తీర్పు పూర్తయ్యేదాకా ఆగలేదు. నడిచి స్తంభం దగ్గరికి పోయింది. కుంటుతూనే పోయింది. తాతాజీ కట్టిన తాడు విప్పి, నేల మీద పడేసి, తాను తెచ్చిన పలుపు పెయ్య మెడకు వేసింది. పెయ్య మోర ఎత్తి ఆమె చెయ్యి వాసన చూసింది. ఆమె మాటలు నాకు కంచె మీదుగా తేటగా వినపడ్డాయి.

"తాతాజీ బాబూ, రెండేళ్ళు మేపావు. అది లేదనను. ఈనాక దూడని తోలుకుపో. నువ్వు మాట తప్పావని నేను తప్పను. పశువు మటుకు నాది. నొసటికి నువ్వేం పూసినా నాదే."

అని పెయ్యను తోలుకుని, పుంత రోడ్డున పోయింది. ఎవరి వైపూ చూడలేదు. అబ్బులు ఆవులను అదిలించుకుంటూ వెనక నడిచాడు. గేటు దగ్గర సెంట్రీ లేచి నిలబడ్డాడట. ఆయన అటు చూడను కూడా చూడలేదట.

ఎర్ర కంపెనీ నన్ను ఇంకో నాలుగేళ్ళు నడిపింది. ఆ తరువాత నన్ను ఎవరూ అడగలేదు. నా ఈడు యంత్రాలకు గిట్టుబాటు లేదన్నారు. ఇప్పుడు ఒక బీడు మైదానంలో, నాలాంటివి ఇరవై దాకా ఉన్నచోట నిలబడ్డాను. పంఖాలు ఊడదీసుకుపోయారు. సీట్లు ఎవరో హోటల్ వాళ్ళు పట్టుకుపోయారు. నా నడుం మీద, రెక్కల మొదట్లో, సుద్దముక్కతో గీతలు గీశారు. కోసే చోటు.

గీయండి. నేనేం జంకలేదు. ఐదేసి ఏళ్ళకొకసారి ఒంటి మీద తోలు వలిచినవాళ్ళను చూశాను.

నిన్న కోతమిషను వాళ్ళ మేస్త్రీ వచ్చాడు. చేతిలో కాగితాలు. నా మీద ఇంకా ఎర్రరంగు ఉంది, కంపెనీ పేరు సగం వెలిసి ఉంది. అతను దాన్ని చూడలేదు. తోక మీద అక్షరాలూ చూడలేదు. వెనక తలుపు చట్రం లోపలికి తల పెట్టి వెతికాడు. అక్కడ నేను పుట్టిన షెడ్డులో బిగించిన చిన్న రేకుబిళ్ళ ఉంటుంది. దాని మీద నంబరు. నిప్పుకు కాలదు, నీటికి తుప్పు పట్టదు. ఏ రంగులవాడూ దాని మీద రంగు వేయకూడదని చట్టం. అతను చొక్కా చేత్తో దుమ్ము తుడిచి, ఆ నంబరు పైకి చదివాడు. కాగితంలో ఉన్న దానితో పోల్చుకున్నాడు. ఒక అంకె దగ్గర అనుమానం వచ్చి మళ్ళీ చదివాడు.

ఇన్నేళ్ళలో నన్ను నా పేరుతో ఎవరూ పిలవలేదు. నడిపినవాళ్ళు వాళ్ళ పేరుతో పిలిచారు, ఎక్కినవాళ్ళు టికెట్టు మీది పేరుతో పిలిచారు. కొయ్యడానికి వచ్చినవాడు పిలిచాడు. పిలవక తప్పలేదు. నేను నేనేనని ఒప్పుకోకుండా నా మీద రంపం పెట్టడానికి వీల్లేదు.

రంపం రేపొస్తుందట. రానీ.